బండ తగిలాక డెబ్బై అడుగుల కేసింగ్ ఎందుకు? విజయవాడ శివారులో ఒక తరంగ వేగ పరీక్ష

నేపథ్యం

విజయవాడలో ఖొండలైటు, చార్నొకైటు శిలల కొండలు ఊరి నడిబొడ్డుకే వచ్చి నిలుస్తాయి. వాటి పాదాల దగ్గర నుంచే కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు మొదలవుతుంది. కొండ మీద కట్టేవారికీ, డెల్టా మధ్యలో కట్టేవారికీ తమ కింద ఏముందో సుమారుగా తెలుసు. ఇబ్బందంతా ఈ రెంటి నడుమ ఉన్న సన్నటి పట్టీలోనే ఉంటుంది. అక్కడ కొండ నుంచి జారిన గుండ్లు ఒండ్రు మీద పేరుకుంటాయి, వాటి మీద మళ్లీ మన్ను చేరుతుంది. పై నుంచి చూసేవారికి మాత్రం అది కొండ పాదపు గట్టి నేలలాగే కనిపిస్తుంది.

ఈ కేసులోని స్థలం అటువంటి పట్టీలోనిదే. ఒక పక్క కొండ, మరో పక్క కొంత దూరంలో కాలువ ఉన్నాయి. అక్కడ అయిదు అంతస్తుల భవనం తలపెట్టారు. పేట పేరు, యజమాని వివరాలు, సంవత్సరం ఇక్కడ రాయడం లేదు.

తరంగాలతో నేల పరీక్షలు చేసే మా దగ్గరకు రాకముందే మరో సంస్థ మూడు బోర్లు వేసి మట్టి పరీక్ష పూర్తి చేసింది. మూడింటిలోనూ నాలుగున్నర నుంచి అయిదున్నర మీటర్ల లోతులో ఎస్‌పీటీ సుత్తికి (గొట్టాన్ని దెబ్బలతో దింపి నేల గట్టిదనాన్ని కొలిచే పరీక్షది) నేల లొంగలేదు. ఒక బోరులో మరో మీటరున్నర కోర్ (కోసి తీసే రాతి కడ్డీ) తీస్తే చెక్కుచెదరని చార్నొకైటు వచ్చింది. దానితో నాలుగున్నర మీటర్ల దగ్గర బండ ఉందనీ, దాని మీద మామూలు పునాదులు చాలుననీ నివేదిక ఇచ్చారు. ఆ నివేదికను చదివినప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

వచ్చిన ప్రశ్న

అనుమానం భవనపు స్ట్రక్చరల్ ఇంజనీరుకు వచ్చింది, అదీ వేరొక మాట మూలంగా. స్థలానికి పక్కనున్న ఇంట్లో కొన్నేళ్ల క్రితం నీళ్ల కోసం బోరు వేసిన రిగ్గు మనిషి అటుగా వచ్చినప్పుడు, "ఇక్కడ బండ తగిలాక బురద వచ్చిందండి, డెబ్బై అడుగుల కేసింగ్ దింపితే గానీ నిలబడలేదు" అన్నాడట. కేసింగ్ పైపును గట్టి రాయి తగిలేదాకా దింపుతారు, ఆ తరువాత అవసరముండదు. నాలుగున్నర మీటర్లకే బండ ఉన్నచోట డెబ్బై అడుగుల, అంటే 21 మీటర్ల పైపు ఎందుకు పట్టింది? ఆ ఇంజనీరు ఈ ఒక్క ప్రశ్నతోనే మమ్మల్ని పిలిచారు.

నా మొదటి ఆలోచన ఆ ప్రశ్నను తేలిక చేసేదిగానే ఉంది. నీళ్ల బోరు మా స్థలానికి అరవై మీటర్ల అవతల, కాలువ వైపు ఉంది. కొండ పాదాన రాతి తలం కాలువ వైపు వాలడం సహజం కనుక రెండు మాటలూ నిజమే కావచ్చు. రాతి తలం ఎటు, ఎంత వాలుతోందో చూపడానికి భూకంప వక్రీభవన పరీక్ష సరిపోతుందని నిర్ణయించాను. ఇప్పుడు వెనక్కి చూస్తే, రెండు సమాచారాలు ఢీకొన్నప్పుడు రెండూ నిజమయ్యే సర్దుబాటును అంత త్వరగా ఒప్పుకోవడమే నా మొదటి పొరపాటు.

మొదటి వరుస

ఈ పరీక్ష సూత్రం పాతదే. ఎనిమిది కిలోల సుత్తితో ఉక్కు పలక మీద కొడతాం. వరుసగా పాతిన జియోఫోన్లకు, అంటే నేల కుదుపును నమోదు చేసే పరికరాలకు, కుదుపు ఎంతసేపటికి చేరిందో కొలుస్తాం. దగ్గరి జియోఫోన్లకు పైపొర గుండా నేరుగా వచ్చిన తరంగం ముందు చేరుతుంది. దూరపు వాటికి లోతుకు దిగి, వేగవంతమైన పొర వెంట పరుగెత్తి, మళ్లీ పైకి వచ్చిన తరంగం ముందు చేరుతుంది. ఊరి మధ్యగా వచ్చే బస్సు కంటే చుట్టు తిరిగినా బైపాస్ మీద వచ్చే బస్సు ముందు చేరడం వంటిదే ఇది. 1909లో జాగ్రెబ్ సమీపంలో వచ్చిన భూకంపం రికార్డుల్లో క్రొయేషియా శాస్త్రవేత్త మొహరొవిచిచ్ గమనించింది ఇటువంటి మలుపునే. భూపటలం ఎక్కడ ముగిసి ప్రావారం ఎక్కడ మొదలవుతుందో ఆ మలుపే చెప్పింది. 1970లలో కావలి నుంచి ఉడుపి దాకా పేలుళ్లతో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చేసిన లోతైన భూకంప శోధనకూ మూలసూత్రం ఇదే. మేము సుత్తి వాడతాం, వారు పేలుడు పదార్థం వాడారు. కొలిచేది మాత్రం ఎవరైనా కాలాన్నే.

రెండు మీటర్లకొకటి చొప్పున 24 జియోఫోన్లు, మొత్తం 46 మీటర్ల వరుస వేశాం. కాల, దూరాల గ్రాఫ్ చక్కగా రెండు గీతలుగా విడిపోయింది. పైపొర వేగం సెకనుకు 400 మీటర్లు, కింది పొర వేగం 2,300 మీటర్లు. మలుపు తొమ్మిదిన్నర మీటర్ల దూరంలో ఉంది, రెండో గీత అంతరఖండ కాలం (గీతను వెనక్కి సున్నా దూరానికి పొడిగిస్తే వచ్చే కాలం) 19.7 మిల్లీసెకన్లు. లెక్క వేస్తే కింది పొర పైభాగం సరిగ్గా నాలుగు మీటర్ల లోతులో తేలింది. బోర్ల నివేదికతో ఇంత దగ్గరగా కలిసే ఫలితం రావడంతో ముసాయిదా నివేదిక ఆ రాత్రే రాసేశాను.

దాన్ని మరునాడు పంపకుండా ఆపినవి రెండు విషయాలు. మొదటిది ఆ 2,300 అనే అంకె. కోర్ పెట్టెలో నేను చూసిన రాయి తాజాది, పగుళ్లు లేనిది. అటువంటి చార్నొకైటులో పి తరంగ (నొక్కుతూ సాగి, అన్నిటికన్నా ముందు చేరే తరంగం) వేగం సెకనుకు 5,000 మీటర్లకు అటూ ఇటూ ఉండాలి. శిథిల శిలకైతే 2,300 సరిపోతుంది కానీ, శిథిల శిల నుంచి అంత తాజా కోర్ రాదు. రాయి ముక్క ఒక మాట, నేల మొత్తం మరో మాట చెబుతున్నాయంటే రాళ్లకూ రాళ్లకూ నడుమ ఇంకేదో ఉందన్నమాట. రెండోది సంకేతపు బలం. ముప్పై మీటర్లు దాటిన జియోఫోన్లలో తొలి తరంగం ఉండవలసినదాని కంటే బాగా బలహీనపడింది. క్షేత్రంలో ఉన్నప్పుడు దాన్ని రోడ్డు రొద ఖాతాలో వేశాను. రాత్రి రికార్డులను మళ్లీ చూస్తే రొద అన్ని జియోఫోన్లలోనూ ఒకే స్థాయిలో ఉంది, తరంగమే తగ్గుతూ పోయింది. మందమైన బండ వెంట నడిచే తరంగం అంత త్వరగా చావదు. తన తరంగదైర్ఘ్యం కంటే ఎంతో పలచనైన పలక వెంట నడిచేటప్పుడు మాత్రం శక్తి పైకీ కిందికీ కారిపోతుంది.

పొడుగు వరుస, కలవని లోతు

కింద ఏముందో చూడాలంటే వరుస పొడవు పెంచాలి. పక్కనున్న మట్టి బాట మీదికి పొడిగించి, అయిదు మీటర్ల ఎడంతో 115 మీటర్ల వరుస వేశాం. వాహనాలు తక్కువుండే వేకువ జామున పని చేశాం, ఒక్కో చోట పన్నెండు దెబ్బలు కలిపి సంకేతాన్ని పెంచాం. సుమారు 83 మీటర్ల దూరం దాటాక మూడో గీత కనిపించింది. దాని వేగం 4,800, అంతరఖండ కాలం 38.4 మిల్లీసెకన్లు. ఆ గీత మీద చివరి ఏడు జియోఫోన్లే పడ్డాయి కనుక, వరుస చివర నుంచి ఇంకో నలభై మీటర్లు వెనక్కి జరిగి మళ్లీ కొట్టి వేగాన్ని సరిచూసుకున్నాం. అసలైన బండ అదే. మొదటి వరుస దాన్ని చేరనే లేదు. 46 మీటర్ల పొడవుతో చేరే అవకాశమూ లేదు.

మూడు పొరల మామూలు సూత్రంతో లెక్క వేస్తే ఈ బండ 28 మీటర్ల లోతులో ఉండాలి. రిగ్గు మనిషి చెప్పింది 21. ఏడు మీటర్ల తేడాను కొలత లోపం అని సరిపెట్టుకోలేం. వాలు కారణమా అంటే, రెండు చివరల నుంచీ కొట్టిన దెబ్బలకు ఫలితాలు దాదాపు ఒకేలా వచ్చాయి, అంటే వరుస దిశలో రాతి తలం సమతలంగానే ఉంది. జ్ఞాపకం తప్పి చెప్పాడా అంటే, పక్కింటివారు కేసింగ్ బిల్లు దాచి ఉంచారు. ఇరవై అడుగుల పైపులు మూడున్నర కొన్నట్టు అందులో రాసి ఉంది. ఆ బిల్లు నా చేతికి వచ్చిన క్షణాన, తప్పు నా లెక్కలోని ఊహలోనే ఉందని ఒప్పుకోక తప్పలేదు.

ఆ ఊహ ఏమిటంటే, లోతుకు పోయేకొద్దీ వేగం పెరుగుతూనే ఉంటుందన్నది. వక్రీభవన పరీక్ష మొత్తం దాని మీదే నిలబడి ఉంది. వేగంగా ఉన్న పొర నుంచి నెమ్మదైన పొరలోకి దిగిన తరంగం పైకి వంగదు, మరింత కిందికి వంగుతుంది. ఆ పొర వెంట నడిచి పైకి వచ్చే తరంగమంటూ ఏదీ పుట్టదు కనుక గ్రాఫ్‌లో దానికి గీత ఉండదు. గీత లేకపోయినా, తరంగం దాన్ని దాటడానికి పట్టే కాలం మాత్రం మొత్తంలో కలిసిపోతుంది. అక్కడ నెమ్మదైన పొర ఉందని తెలియక ఆ కాలాన్నంతా 2,300 వేగపు పొరకే అంటగడితే, ఆ పొర మందం పెరిగి బండ లోతుకు దిగిపోయినట్టు కనిపిస్తుంది.

భూగోళం విషయంలో ఇదే చిక్కు ఇంకా పెద్ద కొలతలో ఉంది. ప్రావారం అడుగున, సుమారు 2,900 కిలోమీటర్ల లోతులో, పి తరంగ వేగం సెకనుకు 13.7 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 8.1 కిలోమీటర్లకు పడిపోతుంది. అక్కడ తరంగాలు లోపలికి వంగిపోవడం వల్లనే భూకంప కేంద్రం నుంచి సుమారు 103 నుంచి 143 డిగ్రీల మధ్య నేరు పి తరంగాలు చేరని ఛాయామండలం ఏర్పడుతుంది. 1897 అస్సాం భూకంపాన్ని భారత భూగర్భ సర్వేక్షణ తరఫున పరిశోధించిన ఓల్డామ్, 1906లో భూమి కేంద్రమండలం ఉనికిని చూపింది దూరపు స్టేషన్లకు తరంగాలు ఆలస్యంగా చేరడాన్ని బట్టే. తరంగం తొందరగా రావడం ఎంత చెబుతుందో, ఆలస్యంగా రావడమూ అంతే చెబుతుంది. మా ఏడు మీటర్ల తేడా అటువంటి ఆలస్యమే.

కాలాన్ని 38.4 మిల్లీసెకన్ల దగ్గర అలాగే ఉంచి, బండను 21 మీటర్లకు తెచ్చి చూశాను. నాలుగు మీటర్ల పైమన్ను, దాని కింద అయిదు మీటర్ల గుండ్ల పొర, ఆ కింద 1,550 వేగంతో పన్నెండు మీటర్ల మెత్తటి పొర అనుకుంటే లెక్క సరిగ్గా కుదిరింది. నీటితో నిండిన బంకమన్నులో పి తరంగ వేగం ఇంచుమించు అంతే ఉంటుంది, ఎందుకంటే నీటిలో ఆ తరంగ వేగమే 1,500కు దగ్గర. కానీ ఇది ఒకానొక జవాబు మాత్రమే. మెత్తటి పొర వేగాన్ని కొంచెం మారిస్తే గుండ్ల మందమూ మారిపోతుంది. కావలసిన జవాబు రాగానే ఆగిపోయే పొరపాటును రెండోసారి చేయకూడదనుకున్నాను.

ఎస్ తరంగాల వైపు

ఇక పి తరంగాలను ఎంత శ్రద్ధగా కొలిచినా లాభం లేదనిపించింది. నీటితో నిండిన నేలలో పి తరంగం ప్రధానంగా నీటి బిగువునే చెబుతుంది. నేలను అడ్డంగా కుదుపుతూ సాగే ఎస్ తరంగానికి మట్టి రేణువుల పట్టు కావాలి, నీటి గుండా అది పోలేదు. భూమి బయటి కేంద్రమండలం గుండా ఎస్ తరంగాలు పోవు కనుకనే అది ద్రవమని మనకు తెలుసు. మా స్థలంలో ద్రవం లేదు కానీ, దానికి దగ్గరి బంధువైన మెత్తటి బంకమన్ను ఉందేమోనన్నదే ప్రశ్న. పి తరంగానికి గుండ్ల పొరకూ బంకమన్నుకూ తేడా ఒకటిన్నర రెట్లయితే, ఎస్ తరంగానికి అది మూడు రెట్లు.

అందుకని ఉపరితల తరంగాలను బహుళ చానళ్లతో విశ్లేషించే మాస్వ్ పద్ధతికి మారాం. మొదటి ప్రయత్నం విఫలమైంది, ఆ వైఫల్యాన్ని వివరంగా చెప్పడం అవసరం. సాఫ్ట్‌వేర్‌కు డిఫాల్టుగా ఇచ్చిన అమరికలో పొరల వేగం కిందికి పోయేకొద్దీ పెరగాలన్న నిబంధన ఉంది. విక్షేపణ చిత్రంలో (పౌనఃపున్యాన్ని బట్టి తరంగ వేగం ఎలా మారుతుందో చూపేది) మధ్య పౌనఃపున్యాల దగ్గర వేగం పెరిగి, తక్కువ పౌనఃపున్యాల వైపు మళ్లీ తగ్గడం కంటికి కనిపిస్తూనే ఉన్నా, ప్రోగ్రాము ఆ ఒంపును చదును చేసి, 200 నుంచి 700 దాకా మెల్లగా పెరిగే అందమైన మెట్ల గ్రాఫ్ ఇచ్చింది. దోష శాతం కూడా చిన్నదే. ఆ గ్రాఫ్ ఒక్కటే చూసినవారు, బోర్ల నివేదికనూ మొదటి వరుసనూ ఇది ముచ్చటగా మూడోసారి ధ్రువపరిచిందని అనుకుంటారు.

నిబంధన తీసేసి, గట్టి పలక కింద మెత్తటి పొర ఉన్నచోట ఉపరితల తరంగం కంపించే ప్రాథమిక విధానంతో పాటు పై విధానాలూ కలిసిపోతాయని గుర్తుంచుకుని, ముందుగా నమూనాలు కట్టి వాటి చిత్రాలను క్షేత్ర చిత్రంతో పోల్చాం. సుత్తి దెబ్బలో 10 హెర్ట్జ్ కంటే తక్కువ శక్తి చాలదు కనుక, దూరపు రైళ్ల, లారీల రొదనే మూలంగా వాడుకుని రాత్రంతా రికార్డు చేశాం. వక్రీభవన పరీక్షకు శత్రువైన ఆ రొద ఇక్కడ అక్కరకు వచ్చింది. నేల సహజంగా ఊగే పౌనఃపున్యాన్ని చూపే నిలువు, అడ్డ ప్రకంపనల నిష్పత్తిలో 2.3 హెర్ట్జ్ దగ్గర స్పష్టమైన శిఖరం కనిపించింది. నాలుగు మీటర్లకే బండ ఉన్న స్థలంలో ఆ శిఖరం 10 హెర్ట్జ్ పైన ఎక్కడో ఉండాలి. 2.3 దగ్గర ఉందంటే గట్టి సరిహద్దు ఎంతో లోతులో ఉన్నట్టు. ఏ నమూనా మీదా ఆధారపడని కొలత కనుక, నా మటుకు నన్ను పూర్తిగా ఒప్పించింది ఈ శిఖరమే.

నేను ఒప్పుకున్నా యజమాని ఒప్పుకోవాలి కదా. గ్రాఫుల మాట మీద పునాది ఖర్చు పెంచమని ఎవరినీ అడగలేం. గుండ్లను కోసుకుంటూ, పక్కలు కూలకుండా కేసింగ్ దింపుకుంటూ ఒక్క బోరు వేయించమని కోరాం. "ఒక్కటేనండీ, ఇందులోనూ బండే వస్తే ఇంక నన్ను అడగొద్దు" అని ఆయన ఒప్పుకున్నారు. 4.2 మీటర్ల నుంచి 9.1 దాకా గుండ్లు, వాటి నడుమ గ్రావెల్ తగిలాయి. ఆ తరువాత బిట్ బరువుకే కిందికి జారింది. 21.4 మీటర్ల దాకా బూడిద రంగు బంకమన్ను, అందులో ఎస్‌పీటీ ఎన్ విలువలు (గొట్టం ముప్పై సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బలు) 5 నుంచి 7. ఆ కింద చార్నొకైటు. వాహనం చక్రాల కింద ఇరికించిన దుంగను అటూ ఇటూ కొట్టి, బోరులోకి దింపిన జియోఫోన్‌తో కొలిస్తే, బంకమన్నులో ఎస్ తరంగ వేగం 140 నుంచి 160 మీటర్లు వచ్చింది. మొదటి నివేదికలో బండగా నమోదైన కోర్ ఒక పెద్ద గుండుదే.

మారిన నిర్ణయాలు

పై ముప్పై మీటర్లకు సగటు ఎస్ తరంగ వేగం సుమారు 258గా తేలింది. పాత ఊహ ప్రకారమైతే అది 600 దాటేది. దీని ప్రభావం పునాదితో ఆగదు. ఈ మట్టి స్తంభపు సహజ ఆవర్తన కాలం 0.44 సెకన్లు, అయిదు అంతస్తుల భవనానిది స్థూలంగా అర సెకను. నేలా భవనమూ ఒకే లయలో ఊగితే కదలిక పెరుగుతుంది. 2016 నాటి భారత ప్రమాణం ప్రకారం ఈ ప్రాంతం మూడో భూకంప మండలంలోనిది. 1967లో ఒంగోలు పరిసరాల్లో 5.4 పరిమాణపు భూకంపం వచ్చింది. 2001 భుజ్ భూకంపంలో కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో బహుళ అంతస్తుల భవనాలు కూలాయంటే, అందులో ఒండ్రు నేల పాత్రా ఉంది. స్ట్రక్చరల్ ఇంజనీరు భూకంప బలాలను మెత్తటి నేల వర్గానికి మార్చి తిరిగి లెక్క కట్టారు.

అయిదు మీటర్ల గుండ్ల పొరనే సహజమైన పలకగా వాడుకుని దాని మీద రాఫ్ట్ (భవనమంతటి కింద ఒకే కాంక్రీటు పలక) వేద్దామన్న ప్రతిపాదన కొంతకాలం నిలిచింది. అది పనికిమాలిన ఆలోచన కాదు, ఖర్చూ తక్కువ. దాన్ని వదులుకోవడానికి కారణం, కాలువ వైపు గుండ్ల పొర పలచబడుతున్నట్టు మాస్వ్ వరుసలు చూపడం. పలక ఒక వైపు మందంగా, మరో వైపు పలచగా ఉంటే కింది బంకమన్ను ఏళ్ల తరబడి అసమానంగా కుంగుతుంది. చివరికి గుండ్లను చీల్చుకుని బండలోకి నాటే బోర్డ్ పైల్స్ (తవ్విన గుంతల్లో పోసే కాంక్రీటు స్తంభాలు) ఖాయమయ్యాయి.

ఈ కేసు తరువాత మా పనిలో మూడు మార్పులు వచ్చాయి. వరుస పొడవును పునాది లోతును బట్టి కాక, చూడదలచిన లోతుకు కనీసం నాలుగు రెట్లుగా ముందే నిర్ణయిస్తున్నాం. కొండ పాదాల స్థలాల్లో వక్రీభవనాన్ని ఎస్ తరంగ కొలత లేకుండా ఒంటరిగా ఇవ్వడం మానేశాం. అన్నిటికన్నా ముఖ్యమైనది మూడోది. రెండు పరీక్షలు ఏకీభవించినప్పుడు, అవి ఒకే చోట గుడ్డివా అని అడుగుతున్నాం. ఎస్‌పీటీ సుత్తి గుండు మీద ఆగింది, తొలి తరంగం గుండ్ల పొర వెంట పరుగెత్తింది. రెంటికీ అడ్డుపడింది ఒకే పొర కనుక, ఆ రెండు సాక్ష్యాలూ నిజానికి ఒక్క సాక్ష్యమే. ఈ కేసులో వేరే సాక్ష్యమంటూ మొదట ఉన్నది రిగ్గు మనిషి మాటే.

పైల్స్ వేసేటప్పుడు ప్రతి దాని లోతునూ నమోదు చేయించాం. ఎక్కువ వాటికి బండ 20.6 నుంచి 22.3 మీటర్ల మధ్య తగిలింది. కాలువ వైపు మూలన ఉన్న రెండింటికి మాత్రం 24.5 దాకా పోవలసి వచ్చింది. మా వక్రీభవన వరుసలు రెండూ కొండకు సమాంతరంగానే సాగాయి. కాలువ వైపు అడ్డంగా వేయవలసిన మూడో వరుసకు ప్రహరీ గోడ అడ్డమని వదిలేశాం. రాతి తలం వాలింది ఆ దిశలోనే.